స్టేట్ ఆడిట్ సేవ: లెక్క పట్టడంలో దిట్ట, ఊరికి చెప్పడంలో మౌనం

రాష్ట్ర ఆడిట్ శాఖ కార్యాలయానికి మామూలు మనిషి వెళ్లవలసిన అవసరం దాదాపు రాదు. అక్కడ కుల ధ్రువీకరణ పత్రం ఇవ్వరు, పొలం మ్యుటేషన్ చేయరు, రేషన్ కార్డులో పేరు చేర్చరు. అయినా పంచాయతీకి ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబం తరఫునా, మున్సిపాలిటీకి కుళాయి చార్జీ కట్టే ప్రతి ఇంటి తరఫునా, మార్కెట్ యార్డుకు సరుకు తోలే ప్రతి రైతు తరఫునా ఆ శాఖ ఉద్యోగి ఎవరో ఒకరు ఏటా ఒక బల్ల ముందు కూర్చుని క్యాష్ బుక్ తిప్పుతూనే ఉంటారు. మన సొమ్ముతో, మన కోసం, మనకు కనిపించకుండా నడిచే ఈ సేవ ఎలా ఉందో ఒక వినియోగదారుడి దృష్టితో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆడిట్ బల్లకు అవతలి పక్కన కూర్చుని వోచర్లు అందించిన మనిషి రాసే సమీక్ష ఇది కాబట్టి పాఠకులు ఆ మేరకు నా మాటలను తూచుకోవచ్చు. లెక్క పట్టుకునే పనికి ఈ శాఖకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. పట్టుకున్నదాన్ని పన్ను కట్టిన ఊరికి చెప్పే పనికి ఒకటిన్నరకు మించి వేయలేను. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఈ సమీక్షలో అసలు విషయం.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఆడిట్ వాళ్లు వచ్చారనగానే చాలామంది అందరినీ ఒకే గాటన కట్టి ఏజీ ఆఫీసు వాళ్లని అంటారు. ఏజీ అంటే అకౌంటెంట్ జనరల్. ఆయన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి కాదు. రాజ్యాంగంలోని 148 నుంచి 151 వరకు ఉన్న అధికరణాల కింద పనిచేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్ కింద ఉండే అధికారి. రాష్ట్ర ఖజానాలోంచి వెళ్లే ఖర్చును ఆ కార్యాలయం తనిఖీ చేస్తుంది, కాగ్ నివేదిక గవర్నరుకు వెళుతుంది, అక్కడి నుంచి శాసనసభ ముందుకు వస్తుంది, ఆ తరువాత ప్రజా పద్దుల సంఘం దాన్ని విచారిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగుల జీపీఎఫ్, అంటే భవిష్యనిధి ఖాతాలు నిర్వహించేది కూడా ఏజీ కార్యాలయాలలో ఒకటే గనుక, చాలా ఇళ్లలో ఆ పేరు జీపీఎఫ్ స్లిప్పుల ద్వారానే పరిచయం. స్టేట్ ఆడిట్ అలా కాదు. అది రాష్ట్ర ఆర్థిక శాఖ కింద ఉన్న శాఖ. దానికి ఒక డైరెక్టర్, జిల్లాల్లో ఆడిట్ అధికారులు, వారి కింద అసిస్టెంట్ ఆడిట్ అధికారులు, సీనియర్ ఆడిటర్లు, జూనియర్ ఆడిటర్లు ఉంటారు. గ్రామ పంచాయతీలు, మండల పరిషత్తులు, జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీలు, వ్యవసాయ మార్కెట్ కమిటీలు, గ్రంథాలయ సంస్థ, దేవాలయాలు, విశ్వవిద్యాలయాలు దాని పరిధిలోకి వస్తాయి. ఒంగోలు వైపు రైతులు పొగాకు బోర్డు లెక్కలు కూడా వీళ్లే చూస్తారనుకుంటారు గానీ, బోర్డు కేంద్ర చట్టంతో ఏర్పడిన సంస్థ కాబట్టి దాని ఆడిట్ కాగ్‌ది. తహసీల్దారు కార్యాలయంలో జరిగే జమాబందీ, అంటే భూమి శిస్తు లెక్కల తనిఖీ, ఈ రెండు ఆడిట్లకూ సంబంధం లేని రెవెన్యూ వ్యవహారం.

స్టేట్ ఆడిట్ శాఖ పుట్టుక మన నెల్లూరు జిల్లాకు మద్రాసుతో ఉన్న పాత బంధంలో ఉంది. నెల్లూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం, ఆ తరువాత 1920 నాటి చట్టాలు జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు, పురపాలక సంఘాలకు సొంత ఆదాయాన్ని, దాన్ని ఖర్చు పెట్టే అధికారాన్ని ఇచ్చాయి. ఎన్నికైన వాళ్లు ఖర్చు పెట్టే సొమ్ముకు లెక్క ఎవరు చూడాలన్న ప్రశ్న అప్పటిదే. మద్రాసు ప్రభుత్వంలో లోకల్ ఫండ్ అకౌంట్స్ ఎగ్జామినర్ అనే అధికారి ఉండేవారు. మొన్న మొన్నటి దాకా మన పల్లెల్లో పాతకాలపు ఉద్యోగులు ఆడిటర్ను లోకల్ ఫండ్ ఆయన అనే పిలిచేవారంటే కారణం అదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ పని కూడా మద్రాసు నుంచి ఇటు వచ్చింది. లోకల్ ఫండ్ ఆడిట్ అన్న ఆ పాత పేరే తరువాత స్టేట్ ఆడిట్‌గా మారింది. 1989లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఆడిట్ చట్టం రావడంతో దాని అధికారాలు ఒకచోటికి చేరాయి.

దీనికన్నా పాత సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మద్రాసుకు అంత దూరం కాని ఉత్తరమేరూరులో, మొదటి పరాంతక చోళుడి కాలం నాటి, అంటే పదో శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. గ్రామ సభ సంఘాలలో పనిచేసి లెక్కలు అప్పగించని వాడు మళ్లీ సభ్యత్వానికి పనికిరాడని, అతని దగ్గరి బంధువులు కూడా పనికిరారని అందులో రాసి ఉంది. నేటి ఆడిట్ అధికారి చేతిలో ఉన్న కలం బంధువుల దాకా పోదు. పోతే మా రోజుల్లో కొన్ని పంచాయతీలకు పోటీ చేసేవాళ్లే మిగిలేవారు కాదేమో!

కాగ్ వైపు చరిత్రకు ఇంకో మూలం ఉంది. 1860లో ఎడ్మండ్ డ్రమండ్ మొదటి ఆడిటర్ జనరల్‌గా బాధ్యత తీసుకున్నారు. స్వాతంత్ర్యం తరువాత ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు వ్యాకరణ నరహరిరావు, 1948 నుంచి 1954 వరకు. రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ అధికారిని బహుశా రాజ్యాంగంలోనే అత్యంత ముఖ్యుడైన అధికారిగా పేర్కొన్నారు. కాగ్‌ను తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత తతంగం ఉండాలి. స్టేట్ ఆడిట్ డైరెక్టరుకు అలాంటి రక్షణ లేదు. ఆయన ఆర్థిక శాఖకు జవాబుదారీ. ప్రభుత్వం ఇచ్చే నిధుల ఖర్చును ప్రభుత్వ శాఖే తనిఖీ చేస్తుందన్న ఈ ఏర్పాటు మీద నాకు మొదటి నుంచీ కొంత అసంతృప్తి ఉంది. పదకొండో ఆర్థిక సంఘం సిఫారసు తరువాత స్థానిక సంస్థల ఆడిట్‌కు కాగ్ సాంకేతిక మార్గదర్శకత్వం తోడైంది గానీ, బల్ల ముందు కూర్చునేది మాత్రం నేటికీ స్టేట్ ఆడిట్ ఉద్యోగే.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర జరిగే పని చూద్దాం. నేను నాలుగు మార్కులు వేసింది దీనికే.

ఆడిటర్ మొదట అడిగేది క్యాష్ బుక్, ట్రెజరీ పాస్‌బుక్. రెండింటి ముగింపు నిల్వలు కలవకపోతే ఆ తేడా ఎందుకో రాసి చూపించే పట్టిక కావాలి. ఆ పైన డీసీబీ, అంటే ఈ ఏడాది ఎంత పన్ను రావాలి, ఎంత వసూలైంది, ఎంత బకాయి ఉందన్న రిజిస్టరు. తరువాత ఇంటి పన్ను రసీదు పుస్తకాలు. కార్బన్ ప్రతిని వెలుతురుకు పట్టి చూస్తారు. ఇంటి యజమానికి ఇచ్చిన రసీదులో ఒక అంకె, కార్బన్ ప్రతిలో ఇంకో అంకె పడే అవకాశం ఉంది కాబట్టి, అనుమానం వస్తే ఊళ్లోకి వెళ్లి నాలుగు ఇళ్లలో అసలు రసీదులు అడిగి చూసిన ఆడిటర్లనూ నేను ఎరుగుదును. బిల్ కలెక్టరు సొమ్ము వసూలు చేసిన తేదీ, చలానా కట్టిన తేదీ పక్కపక్కన రాసి, నడుమ నెలలు గడిచి ఉంటే దానికి తాత్కాలిక దుర్వినియోగం అని పేరు పెడతారు. సొమ్ము చివరికి పూర్తిగా జమ అయినా ఆ పేరు పోదు. చాలామంది బిల్ కలెక్టర్లకు ఇది అన్యాయంగా తోస్తుంది గానీ, పంచాయతీ సొమ్ము ఆ నెలల్లో ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న న్యాయమైనదే.

ఆ తరువాత ఖర్చులు. సిమెంటు రోడ్డు పనికి ఎం-బుక్‌లో, అంటే పనుల కొలతలు రాసే పుస్తకంలో నమోదైన కొలత, బిల్లులోని కొలత కలవాలి. బ్లీచింగ్ పౌడరు బస్తాలు కొన్నట్టు వోచరు ఉంటే సరిపోదు, స్టాక్ రిజిస్టరులో వచ్చిన బస్తాలతో పాటు ఏ ట్యాంకుకు, ఏ తేదీన, ఎన్ని కిలోలు వాడారన్నది కూడా ఉండాలి. వీధి దీపాల సామగ్రికీ అంతే. వారపు సంత వేలం పాడుకున్న వ్యక్తి మొదటి వాయిదా మాత్రమే కట్టి, మిగతాది కట్టకుండానే ఏడాది పొడవునా ఆశీలు వసూలు చేసుకుంటే, ఆ బకాయికి బాధ్యులెవరన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

కనిగిరి, పొదిలి వైపు పంచాయతీల్లో వేసవి ఆడిట్ అంటే నీళ్ల ట్యాంకర్ల ఆడిటే. ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతం, బోర్లు ఎండే ప్రాంతం, కాబట్టి ట్యాంకర్ల ఖర్చు నిజమైన అవసరమే. దాని చాటునే కాకి లెక్కలకు చోటు దొరుకుతుంది. ట్రిప్ షీటులో ట్రాక్టరు నంబరు, నీళ్లు పట్టిన చోటు, పోసిన వీధి, సమయం, ఆ వీధిలో ఇద్దరి సంతకాలు ఉండాలి. ఒక ఊరి పేరు చెప్పను గానీ, అక్కడి షీట్లన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. సంతకాలు, వేలిముద్రలు, తేదీలు అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆడిటర్ ఏమీ అనకుండా ట్రాక్టరు నంబర్లు ఒక తెల్ల కాగితం మీద దింపుకుని వెళ్లిపోయారు. అదే మండలంలోని పక్క పంచాయతీ ఆడిట్ కూడా ఆయనదే. అక్కడి షీట్లలో అదే నంబరు, అదే తేదీ, దాదాపు అదే సమయం కనిపించాయి. ఒకే ట్రాక్టరు ఒకే ఉదయం రెండు ఊళ్లలో నీళ్లు పోసిందన్నమాట. ఏ ఒక్క ఊరి కాగితాలు చూసినా దొరకని విషయం అది. ఒకే మనిషికి ఒక మండలమంతా ఇవ్వడం వల్ల, ఆ మనిషికి ఓపిక ఉండడం వల్ల దొరికింది. ఈ నైపుణ్యాన్ని ఏ ప్రైవేటు చార్టర్డ్ అకౌంటెంటు సంస్థా పంచాయతీ స్థాయిలో ఇవ్వగలదని నేను అనుకోను.

పట్టుకున్న విషయం తరువాత ఏమవుతుందన్న చోట కథ అడ్డం తిరుగుతుంది. ఆడిటర్ తన అభ్యంతరం రాసి మెమో ఇస్తారు, కార్యదర్శి జవాబు ఇస్తారు, జవాబు నచ్చకపోతే అది నివేదికలో పేరాగా మారుతుంది. చట్టవిరుద్ధమైన చెల్లింపు అయినా, నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగినా ఆ మొత్తాన్ని బాధ్యుల నుంచే రాబట్టేందుకు సర్‌చార్జి అధికారం 1989 చట్టంలో ఉంది. నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, అప్పీలుకు అవకాశం ఇవ్వాలి. ఇంతవరకు పద్ధతి పకడ్బందీగానే ఉంది. కానీ ఆడిట్ ఖర్చు జరిగిన తరువాత జరుగుతుంది, నివేదిక ఇంకా తరువాత వస్తుంది, సర్‌చార్జి నోటీసు ఎప్పటికో వస్తుంది. అప్పటికి సర్పంచి పదవీకాలం ముగిసి ఉంటుంది, కార్యదర్శి వేరే మండలానికి బదిలీ అయి ఉంటాడు. ఆ రికార్డు నాకు అప్పగించలేదు అని కొత్త కార్యదర్శి రాస్తాడు, నేను అప్పగించే వచ్చాను అని పాత కార్యదర్శి రాస్తాడు, సంతకం నాది గానీ పని చూసింది ఇంజనీరు అని మాజీ సర్పంచి రాస్తాడు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత పంచుకుని చివరికి ఎవరూ కట్టరు. అభ్యంతరాల పరిష్కారానికి సమావేశాలు పెట్టినప్పుడు చిన్న పేరాలు డ్రాప్ అవుతాయి, అంటే పరిష్కారమైనట్టు కొట్టేస్తారు, పెద్దవి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటాయి.

జిల్లాల సరిహద్దులు మారినప్పుడల్లా ఈ ఇబ్బందికి ఇంకొకటి తోడవుతుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు నుంచి అటు వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో కందుకూరు తిరిగి నెల్లూరుకు వచ్చింది. మనుషులు ఒక్క రోజులో కొత్త జిల్లా వాళ్లవుతారు గానీ, పాత పేరాల ఫైళ్లు అంత తేలికగా జిల్లా మారవు.

ఆన్‌లైన్ పద్ధతి కొంత మేలు చేసిందని ఒప్పుకోవాలి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్‌లో ఆడిట్ నమోదుకు ఆడిట్ఆన్‌లైన్ అనే పోర్టల్‌ను, పంచాయతీ లెక్కలకు ఈగ్రామ్‌స్వరాజ్ అనే పోర్టల్‌ను తెచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం, ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టిన స్థానిక సంస్థలకే నిధులు అన్న షరతు పెట్టింది. ఆ ఒక్క షరతుతో, ఏళ్ల తరబడి ఆడిట్‌కు రికార్డు ఇవ్వకుండా తిప్పించుకున్న పంచాయతీలు కూడా కాగితాలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. చెల్లింపులు సర్పంచి, కార్యదర్శి డిజిటల్ కీలతో జరుగుతున్నాయి కాబట్టి, చెక్కు మీద సంతకం నాది కాదు అనే పాత సాకు పోయింది. డిజిటల్ కీ ఎవరి చేతిలో ఉంటోందన్న కొత్త ప్రశ్న వచ్చింది. అది వేరే కథ.

ఇక ఒకటిన్నర మార్కు సంగతి. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామ సభ ముందు పెట్టాలి. నేను చూసిన గ్రామ సభల్లో పింఛన్లు, ఇళ్ల స్థలాలు, కాలువలు చర్చకు వచ్చాయి, ఆడిట్ నివేదికను చదివి వినిపించడం అరుదు. ఇది పంచాయతీ తప్పే, ఆడిట్ శాఖది కాదని అనవచ్చు. నేను అంతటితో ఆగను. నివేదిక రాసే తీరు కూడా దాన్ని ఊరికి దూరంగానే ఉంచుతుంది. నియమాల సంఖ్యలు, జీవోల తేదీలు, ఇంగ్లిషులో పేరాలు, పట్టికలు, అనుబంధాలు. జిల్లా పంచాయతీ అధికారి చదవడానికి అది సరిపోతుంది. ఇంటి పన్ను కట్టిన అమ్మకు, సంతలో ఆశీలు కట్టిన కూరగాయల వ్యాపారికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు.

అదే ఊళ్లో ఉపాధి హామీ పనులకు జరిగే సామాజిక తనిఖీ చూడండి. కూలీల ఇంటింటికీ తిరిగి అడుగుతారు, మండల స్థాయిలో ప్రజా వేదిక పెట్టి, ఎవరి పేరున ఎన్ని రోజుల కూలి పడింది, ఎంత తేడా వచ్చింది అన్నది మైకులో చదువుతారు. సామాజిక తనిఖీకీ దాని లోపాలు దానికి ఉన్నాయి. పుస్తకాల పరిశీలనలో స్టేట్ ఆడిట్ ఆడిటర్ సత్తా దానికి లేదు. కానీ తప్పు చేసినవాడికి ఊరి నడుమ పేరు చదివించుకునే భయం అక్కడ ఉంది, ఇక్కడ లేదు. సొమ్మంతా ఆ ఊరిదే అయినప్పుడు రెండు తనిఖీలకూ ఇంత తేడా ఎందుకుండాలి? ప్రతి పంచాయతీ నివేదికకు తెలుగులో ఒక్క పేజీ సారాంశం, అందులో ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంతకు లెక్క తేలలేదు, ఎవరి నుంచి రాబట్టాలి అన్న నాలుగు విషయాలు, గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అతికిస్తే ఈ శాఖ మీద నా మార్కులు ఒక్కసారిగా పెరుగుతాయి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

నిష్పక్షపాతం కోసం ఇంకో రెండు మాటలు. సిబ్బంది చాలినంత మంది లేరన్నది నా ఎరుకలో నిజం. ఒక ఆడిటర్‌కు ఎన్ని సంస్థలు అప్పగిస్తారో చూస్తే, పైన చెప్పిన ట్రాక్టరు నంబరు లాంటివి దొరకడమే గొప్ప అనిపిస్తుంది. ఆడిట్ వచ్చిందంటే భోజనాలు, బస ఏర్పాటు పంచాయతీ మీద పడుతుందన్న పాత మాట కూడా వినే ఉంటారు. నేను చూసిన ఆడిటర్లలో తమ టిఫిన్ డబ్బాతో వచ్చి, టీ మాత్రం తాగి వెళ్లినవారు ఉన్నారు. మాట పడే విధంగా ప్రవర్తించినవారు లేరని అనను. అన్ని శాఖల్లోనూ ఉన్నట్టే ఇక్కడా రెండు రకాల మనుషులూ ఉన్నారు.

ఈ సేవ మీకు నేరుగా కావాలంటే దారి ఉంది. మీ పంచాయతీ ఆడిట్ నివేదిక నకలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తులో ఆడిట్ వివరాలు ఇవ్వండి అని పొడిగా రాస్తే పొడి జవాబే వస్తుంది. ఆర్థిక సంవత్సరం రాసి, ఆ సంవత్సరపు ఆడిట్ నివేదిక పూర్తి నకలు, అందులో ఇంకా డ్రాప్ కాని పేరాలు, ఒక్కో పేరాకు పంచాయతీ ఇచ్చిన జవాబు, సర్‌చార్జి నోటీసులు ఇచ్చి ఉంటే వాటి నకళ్లు, ఇప్పటివరకు వసూలైన మొత్తం అని విడివిడిగా అడగండి. అవి చేతికి వచ్చాక తరువాతి గ్రామ సభలో అజెండాలో ఆడిట్ నివేదికను చేర్చమని సర్పంచికి ముందుగానే రాసి ఇచ్చి, దాని మీద అందినట్టు సంతకం తీసుకోండి.